చెల్లే వాదం, చెల్లని వాదం: రూపం చూసి తేల్చుకోవడం ఎలా

తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఈ సామెత వెనక ఒక తప్పు వాదం పూర్తిగా దాగి ఉంది. కల్లు తాగేవాళ్లు తాడిచెట్టు కిందికి చేరతారు. ఇతను తాడిచెట్టు కింద ఉన్నాడు. కాబట్టి ఇతను తాగుతున్నది కల్లే. మొదటి రెండు మాటలూ నిజమే అనుకుందాం. మూడోది వాటి నుంచి వస్తుందా? రాదు. ఎందుకు రాదో చెప్పడానికి ఆ మనిషెవరో, చెంబులో ఏముందో తెలియనక్కర్లేదు. వాదం కట్టిన తీరు చూస్తే చాలు. ఆ తీరునే రూపం అంటాం.

వాదంలో రెండు భాగాలుంటాయి. ముందుగా ఒప్పుకోమని అడిగేవి ఆధారాలు. వాటిని బట్టి తేల్చేది నిర్ధారణ. వాదం చెల్లుతుందా అని అడిగినప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆధారాలన్నీ నిజమై, నిర్ధారణ మాత్రం అబద్ధమయ్యే పరిస్థితి ఒక్కటైనా ఉండగలదా? ఉండగలిగితే వాదం చెల్లదు. అలాంటి పరిస్థితికి తావే లేకపోతే చెల్లుతుంది.

ఇక్కడే చాలామంది తడబడతారు. నిర్ధారణ నిజమని తమకు ముందే తెలిస్తే వాదం బాగుందనుకుంటారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

తెలంగాణ జిల్లాలన్నీ సముద్రతీరంలో ఉన్నాయి.
విశాఖపట్నం తెలంగాణ జిల్లా.
కాబట్టి విశాఖపట్నం సముద్రతీరంలో ఉంది.

ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నీ భారతదేశంలో ఉన్నాయి.
గుంటూరు భారతదేశంలో ఉంది.
కాబట్టి గుంటూరు ఆంధ్రప్రదేశ్ జిల్లా.

మొదటి దానిలో ఆధారాలు రెండూ అబద్ధాలే. అయినా వాదం చెల్లుతుంది: ఆ రెండూ నిజమయ్యే లోకమంటూ ఉంటే అక్కడ మూడోది తప్పించుకోలేదు. రెండో దానిలో మూడు వాక్యాలూ నిజం. అయినా వాదం చెల్లదు: గుంటూరు తీసేసి నాగపూర్ పెట్టండి. ఆధారాలు రెండూ నిజంగానే ఉంటాయి, నిర్ధారణ అబద్ధమైపోతుంది. చెల్లడం ఒక పరీక్ష, ఆధారాలు నిజం కావడం ఇంకో పరీక్ష. రెండూ నెగ్గిన వాదాన్ని పటిష్ఠమైన వాదం అనవచ్చు. ఏ వాదాన్నైనా ఒప్పుకునే ముందు ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా వేయాలి, కలిపేయకూడదు.

చెల్లని వాదం చెప్పిన మాట అబద్ధమని కూడా అనుకోకూడదు. తాడిచెట్టు కింద ఉన్న మనిషి నిజంగానే కల్లు తాగుతూ ఉండవచ్చు. ఆ ఆధారాలతో ఆ మాట తేలలేదు, అంతే.

వాదాన్ని విప్పడం

పేపర్లోనో వాట్సాప్‌లోనో కనిపించే వాదం వరసగా పేర్చి ఉండదు. ముందు నిర్ధారణను పట్టుకోండి. కాబట్టి, కనుక, అందుకే, అంటే, దీన్నిబట్టి అన్న మాటల తర్వాత వచ్చేది సాధారణంగా నిర్ధారణ. ఎందుకంటే, గనక, కదా అన్న మాటలు ఆధారాన్ని చూపిస్తాయి. తెలుగులో ఇంకో గుర్తు కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు: క్రియ చివర వచ్చే ‘ఉండాలి’, ‘ఉంటుంది’. ‘రోడ్డంతా తడిగా ఉంది, రాత్రి వాన పడి ఉంటుంది’ అన్నప్పుడు వాన పడిందన్నది మనం తేల్చుకున్న విషయం, తడి రోడ్డు ఆధారం.

‘రాత్రి వాన పడటం వల్ల రోడ్డంతా తడిగా ఉంది’ అంటే మాత్రం అది వాదం కాదు, వివరణ. రోడ్డు తడిగా ఉందని ఇద్దరికీ తెలుసు, ఎందుకు తడిసిందో చెబుతున్నారు. వివరణను వాదంలా పరీక్షిస్తే అనవసరమైన తగువు మొదలవుతుంది.

తర్వాత చేయాల్సింది, చెప్పకుండా వదిలేసిన ఆధారాన్ని రాయడం. ‘ఈ నూనె గానుగలో ఆడించింది, కాబట్టి గుండెకు మంచిది.’ ఉన్నది ఉన్నట్టు చూస్తే ఇది చెల్లదు. ‘గానుగలో ఆడించిన నూనెలన్నీ గుండెకు మంచివి’ అన్న వాక్యం మధ్యలో చేర్చండి, వెంటనే చెల్లుతుంది. ఇప్పుడు పేచీ ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది: రూపంలో లేదు, కొత్తగా చేర్చిన వాక్యం నిజమా కాదా అన్నదానిలో ఉంది. దాన్ని రాసి చూపించకపోతే ఎదుటివాళ్లు ఆ వాక్యాన్ని సమర్థించుకోవాల్సిన అవసరమే రాదు. చేర్చేటప్పుడు మాత్రం న్యాయంగా ఉండాలి. అవతలివాళ్లు ఒప్పుకోని మూర్ఖపు మాటను వాళ్ల నోట్లో పెట్టకూడదు.

‘తే’కీ ‘తేనే’కీ మధ్య

తెలుగులో వాదాలు ఎక్కువగా దెబ్బతినేది ఈ చిన్న ‘ఏ’ దగ్గరే. అందుకే ఇక్కడ కాస్త నిలబడాలి.

‘హాల్‌టికెట్ ఉంటే పరీక్షకు రానిస్తారు’ అన్న మాట హాల్‌టికెట్ ఉన్నవాళ్లకు ఇచ్చిన హామీ. ‘హాల్‌టికెట్ ఉంటేనే పరీక్షకు రానిస్తారు’ అన్న మాటలో ఆ హామీ లేదు. అది లేనివాళ్లకు చేసిన హెచ్చరిక. రెండో మాటను ‘అయితే’ రూపంలోకి మార్చాలంటే దిశ తిప్పాలి: రానిచ్చారంటే హాల్‌టికెట్ ఉన్నట్టే. ఇప్పుడు చూడండి. హాల్‌టికెట్ ఉంటేనే రానిస్తారు, ఆమెను రానిచ్చారు, కాబట్టి ఆమెకు హాల్‌టికెట్ ఉంది: చెల్లుతుంది. హాల్‌టికెట్ ఉంటేనే రానిస్తారు, ఆమెకు హాల్‌టికెట్ ఉంది, కాబట్టి రానిస్తారు: చెల్లదు. గేటు మూసేశాక వచ్చిన విద్యార్థికి చేతిలో హాల్‌టికెట్ ఉన్నా లోపలికి దారి ఉండదు.

‘మాత్రమే’, ‘తప్ప’ కూడా ఇలాగే దిశ తిప్పుతాయి. ‘జ్వరం ఉంటే తప్ప ఈ మాత్ర వేసుకోవద్దు’ అంటే మాత్ర వేసుకోవాలంటే జ్వరం ఉండి తీరాలి. జ్వరం ఉన్న ప్రతివాళ్లూ వేసుకోవాలని కాదు. ‘సభ్యులకు మాత్రమే ప్రవేశం’ అంటే లోపలున్నవాళ్లందరూ సభ్యులు. సభ్యులందరికీ ప్రవేశం ఉందని ఆ బోర్డు చెప్పడం లేదు.

మాట్లాడేటప్పుడు మనం ‘తే’ అని ‘తేనే’ అర్థాన్ని ఆశిస్తాం. ‘ఫస్టు క్లాసు వస్తే సైకిల్ కొంటా’ అని తండ్రి అంటే, రాకపోతే కొనడని పిల్లవాడు అర్థం చేసుకుంటాడు. తండ్రి ఉద్దేశం కూడా బహుశా అదే. అయినా వాదాన్ని పరీక్షించేటప్పుడు అన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ‘తేనే’ అని ఉద్దేశించారనుకుంటే దాన్ని వేరే ఆధారంగా రాసుకోవాలి.

‘అందరూ రాలేదు’ అన్న వాక్యం ఇంకో చిక్కు. కొందరు వచ్చారు, కొందరు రాలేదు అని ఒక అర్థం. ఒక్కరూ రాలేదు అని ఇంకో అర్థం, నొక్కి పలికితే వస్తుంది. రెండో అర్థానికి ‘ఎవరూ రాలేదు’ అనే మాట ఎటూ ఉంది కాబట్టి, రాసుకునేటప్పుడు ‘అందరూ వచ్చారన్నది నిజం కాదు’ అనో, ‘ఎవరూ రాలేదు’ అనో విడగొట్టండి. వీటి తార్కిక బలం వేరు, కలిపేస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

‘లేదా’ విషయం తేలిక. వేరే సూచన లేకపోతే రెండూ నిజం కావచ్చుననే తీసుకోండి. ‘ఆధార్ లేదా ఓటరు కార్డు చూపాలి’ అంటే రెండూ చూపినవాళ్లను ఎవరూ వెనక్కి పంపరు. అందుకే, ఒక వాక్యాన్ని క, ఇంకోదాన్ని చ అనుకుంటే, ‘క లేదా చ. క కాదు. కాబట్టి చ’ చెల్లుతుంది. ‘క లేదా చ. క. కాబట్టి చ కాదు’ చెల్లదు.

అక్షరాలు పెట్టడం

వాక్యాల బరువు మన తీర్పును లాగేస్తుంది. నచ్చిన నిర్ధారణ కనబడితే వాదం గట్టిగా అనిపిస్తుంది. ఆ బరువు తీసేయడానికే అక్షరాలు. క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ పదాల స్థానంలో అక్షరాలు పెట్టాడు. ఆ తర్వాతి శతాబ్దంలో స్టోయిక్ అనే గ్రీకు తత్వ సంప్రదాయానికి చెందిన తార్కికుడు క్రిసిప్పస్ వాక్యాల స్థానంలో ‘మొదటిది’, ‘రెండోది’ అని వాడి, ‘మొదటిది అయితే రెండోది, మొదటిది, కాబట్టి రెండోది’ వంటి అయిదు మూల రూపాలను నిలబెట్టాడు.

‘అయితే’ వాక్యంతో మొదలయ్యే వాదాలు ఎక్కువగా నాలుగు రకాలుగా వస్తాయి. ఈ నాలుగూ కంఠతా వస్తే రోజూ వినే వాదాల్లో చాలావాటిని అక్కడికక్కడే తేల్చవచ్చు.

క అయితే చ. క. కాబట్టి చ. చెల్లుతుంది.
క అయితే చ. చ కాదు. కాబట్టి క కాదు. చెల్లుతుంది.
క అయితే చ. చ. కాబట్టి క. చెల్లదు.
క అయితే చ. క కాదు. కాబట్టి చ కాదు. చెల్లదు.

మూడోదే తాడిచెట్టు వాదం. ‘డెంగ్యూ అయితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. కాబట్టి డెంగ్యూ’ అన్నదీ అదే. మలేరియాలోనూ, డెంగ్యూ కాని వైరల్ జ్వరాల్లోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అందుకే డెంగ్యూ అవునో కాదో తేల్చడానికి వేరే రక్తపరీక్ష చేస్తారు. పైగా మొదటి ఆధారం కూడా అన్ని కేసుల్లో నిజం కాదు. అంటే ఈ వాదానికి రెండు జబ్బులున్నాయి, ఒకటి రూపంలో, ఒకటి ఆధారంలో. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని చూపించామనుకోకండి.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెతను అక్షరాల్లో రాస్తే: నిప్పు కాదు అయితే పొగ కాదు. రెండో రూపం సాయంతో దీన్ని తిప్పితే: పొగ అయితే నిప్పు. రెండు వాక్యాలూ సరిగ్గా ఒకే బరువు. పాత సిలబస్ లెక్కల్లో ప్రవచనాల (నిజమో అబద్ధమో తేల్చగల వాక్యాల) పాఠం చదివినవాళ్లు దీన్ని ప్రతివర్తితం అని గుర్తుపడతారు. ‘నిప్పు అయితే పొగ’ మాత్రం వేరే వాక్యం, అది విపర్యయం. అసలు వాక్యం నిజమైనంత మాత్రాన విపర్యయం నిజం కానక్కర్లేదు.

ఈ తేడాను మన తార్కికులు ఎంతో శ్రద్ధగా పట్టుకున్నారు. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అనుమానానికి (ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని తేల్చుకోవడానికి) ఇచ్చిన ఉదాహరణ ఇది: కొండ మీద నిప్పుంది (ప్రతిజ్ఞ), పొగ ఉంది గనక (హేతువు), ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో లాగ (ఉదాహరణ), ఈ కొండా అలాంటిదే (ఉపనయం), కాబట్టి నిప్పుంది (నిగమనం). అదే పుస్తకం దీన్ని తిరగేసి కూడా చూపిస్తుంది: కొండ మీద పొగ ఉంది, నిప్పుంది గనక. ఇది నిలవదు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చి కట్టె తోడవ్వాలి. ఆ తోడైన షరతుకే ఉపాధి అని పేరు. ఎవరైనా ‘క ఉంటే చ ఉంటుంది’ అన్నప్పుడు, ‘చ రావడానికి క కాక ఇంకేం కావాలి?’ అని వెతకడం ఈ ఇనపగుండు నేర్పే అలవాటు. న్యాయశాస్త్రం (చట్టం కాదు, ఈ తార్కికుల సంప్రదాయం) రూపాన్ని, ఆధారాల నిజాన్ని ఈనాటి తర్కంలా పూర్తిగా విడదీయదని మాత్రం గుర్తుంచుకోవాలి. అక్కడ వ్యాప్తి (పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండటం లాంటి తప్పని సంబంధం) నిజంగా ఉంటేనే అది అనుమానం. కానీ ప్రత్యుదాహరణ, అంటే చెప్పిన మాటను తప్పని చూపే ఉదాహరణ, వెతికే పద్ధతి రెండు చోట్లా ఒకటే.

పరీక్షించే పద్ధతులు

మొదటిది, అదే రూపంలో వేరే పదాలు పెట్టడం. గుంటూరు బదులు నాగపూర్ పెట్టినప్పుడు చేసిందదే. ఆధారాలు నిజమని, నిర్ధారణ అబద్ధమని అందరికీ తెలిసిన పదాలే ఎంచుకోండి: ఊళ్లు, జంతువులు, నెలలు. వివాదాస్పదమైన ఉదాహరణ తెస్తే మాట ఉదాహరణ మీదికి మళ్లిపోతుంది. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ప్రత్యుదాహరణ దొరికితే ఆ రూపం చెల్లదని తేలుతుంది, దొరకకపోతే చెల్లుతుందని తేలదు. మనకు తట్టకపోయి ఉండవచ్చు.

ఆ లోటును సత్యపట్టిక తీరుస్తుంది: ఒక్కో అక్షరం నిజమైతే, తప్పైతే అని వచ్చే కలయికలన్నిటినీ ఒక్కో వరసలో రాసే పట్టిక అది. అక్షరాలు రెండైతే 4 వరసలు, మూడైతే 8, నాలుగైతే 16. ‘క అయితే చ’ ఒకే ఒక్క వరసలో తప్పవుతుంది: క నిజం, చ తప్పు అయినప్పుడు. డెంగ్యూ వాదానికి నాలుగు వరసలూ రాస్తే, ‘క తప్పు, చ నిజం’ అన్న వరసలో ఆధారాలు రెండూ నిజమై నిర్ధారణ తప్పుగా నిలుస్తుంది. ఆ ఒక్క వరస చాలు.

అక్షరాలు పెరిగితే అన్ని వరసలూ రాయక్కర్లేదు. వెనక నుంచి రండి: నిర్ధారణ తప్పు, ఆధారాలన్నీ నిజం అని పెట్టుకుని, అలా కుదురుతుందేమో చూడండి.

కరెంటు పోతే మోటారు ఆగుతుంది. (క అయితే చ)
మోటారు ఆగితే నీళ్లు రావు. (చ అయితే ట)
కాబట్టి కరెంటు పోతే నీళ్లు రావు. (క అయితే ట)

నిర్ధారణ తప్పు కావాలంటే క నిజం, ట తప్పు. క నిజం కాబట్టి మొదటి ఆధారం నిలవాలంటే చ నిజం కావాలి. ట తప్పు కాబట్టి రెండో ఆధారం నిలవాలంటే చ తప్పు కావాలి. చ రెండూ కాలేదు. దారి మూసుకుపోయింది, వాదం చెల్లుతుంది. ఇప్పుడు రెండో ఆధారాన్ని తిరగేయండి: ‘నీళ్లు రాకపోతే మోటారు ఆగినట్టే’ (ట అయితే చ). మళ్లీ క నిజం, ట తప్పు. చ నిజమని పెడితే ఆధారాలు రెండూ నిలుస్తాయి. దారి దొరికింది, చెల్లదు. దొరికిన విలువలను వాక్యాల్లోకి మార్చి చదివితే పరిస్థితి కళ్ల ముందుకొస్తుంది: కరెంటు పోయింది, మోటారు ఆగింది, మేడ మీద ట్యాంకు నిండుగా ఉంది, కుళాయిలో నీళ్లు వస్తున్నాయి.

రెండు చోట్ల ఈ పద్ధతులు చేయి జారతాయి. ఒకటి, ఒకే అక్షరానికి రెండు అర్థాలు అంటించడం. ‘సిద్ధాంతమంటే రుజువు కాని ఊహ. జీవపరిణామం ఒక సిద్ధాంతం. కాబట్టి అది రుజువు కాని ఊహ.’ అక్షరాల్లో చక్కగా చెల్లుతుంది. కానీ మొదటి వాక్యంలో సిద్ధాంతం అంటే మామూలు మాటల్లో ఊహ, రెండో వాక్యంలో సాక్ష్యాలతో నిలిచిన శాస్త్రీయ వివరణ. అవి రెండు వేర్వేరు అక్షరాలు కావాలి, అప్పుడు వాదం విడిపోతుంది. రెండోది, అక్షరాన్ని మరీ పెద్ద ముక్కకు పెట్టడం. ‘మనుషులందరూ చనిపోతారు. సోక్రటీసు మనిషి. కాబట్టి సోక్రటీసు చనిపోతాడు’ అన్నదానిలో ఒక్కో వాక్యానికి ఒక్కో అక్షరం పెడితే ‘క. చ. కాబట్టి ట’ అవుతుంది, ఏమాత్రం చెల్లదు. ఇక్కడ పని చేస్తున్నది వాక్యం లోపలి ‘అందరూ’. అలాంటప్పుడు అక్షరాలు వాక్యాలకు కాదు, పదాలకు పెట్టాలి.

అందరూ, కొందరు, ఎవరూ కారు

పదాలకు అక్షరాలు పెట్టే ఈ రకంలో రెండు ఆధారాలు, మూడు పదాలతో మొత్తం 256 రూపాలు సాధ్యం. సంప్రదాయ లెక్కలో చెల్లేవి 24, ఆధునిక లెక్కలో 15. ఈ తేడాకు కారణం ఒక్కటే. ‘అన్ని క లూ చ లే’ అన్నప్పుడు కనీసం ఒక్క క ఉన్నట్టు సంప్రదాయం ఒప్పుకుంటుంది, ఆధునిక తర్కం ఒప్పుకోదు. ‘అనుమతి లేకుండా ప్రవేశించిన వారందరూ శిక్షార్హులు’ అన్న బోర్డు, ఎవరూ ప్రవేశించకపోయినా నిజమే.

బ్యాంకు పరీక్షల రీజనింగ్ పేపరు రాసేవాళ్లకు ఇది కచ్చితంగా తెలియాలి. అక్కడ సంప్రదాయమే నడుస్తుంది: ‘అన్ని పెన్నులూ బల్లలే’ అంటే ‘కొన్ని బల్లలు పెన్నులు’ వస్తుందనే గుర్తించాలి. డిగ్రీలో ఆధునిక తర్కం చదివి వచ్చి దాన్ని కొట్టేస్తే మార్కు పోతుంది.

ఇలాంటి వాదాలను పదానికో వలయం గీసి కూడా పరీక్షిస్తారు. ఆ బొమ్మ గీసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, నిర్ధారణ నిజమయ్యేలా వలయాలు గీసి తృప్తి పడటం. ఆధారాలకు భంగం రాకుండా, నిర్ధారణ తప్పయ్యేలా గీయడానికి ప్రయత్నించాలి. ‘కొన్ని క లు చ. కొన్ని చ లు ట. కాబట్టి కొన్ని క లు ట.’ చ వలయంలోకి ఎడమ వైపు నుంచి క, కుడి వైపు నుంచి ట కొంత మేర వచ్చేలా గీస్తే క, ట కలవనే కలవవు. చెల్లదు. ఆధారాలు రెండూ ‘కొన్ని’ అయినా, రెండూ ‘ఏదీ కాదు’ అయినా, క, ట ల మధ్య సంబంధం ఏమీ తేలదు. బొమ్మ కూడా అవసరం లేదు.

బ్యాంకు పరీక్షలో రెండు నిర్ధారణలు ఇచ్చినప్పుడు ‘రెండింటిలో ఏదో ఒకటి’ అన్న జవాబు పెట్టే ముందు మూడు విషయాలు చూడాలి. రెండు నిర్ధారణల్లోనూ అవే రెండు పదాలు ఉండాలి. ఒకటి ‘కొన్ని క లు ట’ అయితే రెండోది ‘ఏ క కూడా ట కాదు’ కావాలి, అంటే ఒకటి నిజమైతే రెండోది తప్పక అబద్ధం, ఒకటి అబద్ధమైతే రెండోది తప్పక నిజం కావాలి. ఆ రెండింటిలో ఏదీ ఆధారాల నుంచి విడిగా తేలకూడదు. మూడోది చూడకుండా హడావుడిగా గుర్తించేవాళ్లే ఎక్కువ. ఒకటి విడిగా తేలితే జవాబు అదొక్కటే.